రాత్రి రెండింటికి మెలకువగా ఉండేదెవరు?

అన్నయ్య అగ్నిమాపక శాఖలో స్టేషన్ ఆఫీసరుగా రిటైరయ్యాడు. చెల్లెలు స్టాఫ్ నర్సు ఉద్యోగం మానేసి కాకినాడలో ఒక అద్దె మేడలో 14 మంది వృద్ధులతో చిన్న హోమ్ నడుపుతోంది. చూసి పోదామని వచ్చిన అన్నయ్య ఒక రాత్రి అక్కడే పడుకున్నాడు. తెల్లవారాక ఇద్దరికీ మాటా మాటా వచ్చింది. ఇద్దరూ నాకు కావలసినవాళ్లే. ఇలాంటి హోమ్‌లు ఇప్పుడు మన ఊళ్లలో కాలనీకొకటి వెలుస్తున్నాయి. వాటిని బయటినుంచి చూసేవాళ్లూ లోపల ఉండి నడిపేవాళ్లూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడం మాత్రం అరుదు. అందుకే వాళ్ల వాదన ఇక్కడ పెడుతున్నాను.

అన్నయ్య: నీ హోమ్ శుభ్రంగా ఉందమ్మా. గదుల్లో వాసన లేదు. అందరికీ గోళ్లు కత్తిరించి ఉన్నాయి, దుప్పట్లు ఉతికినవి. అదంతా చూశాను, కాదనను. కానీ రాత్రి పదింటికి ఆయా గ్రిల్ గేటుకి తాళం వేసి, చెవి కొంగున ముడేసుకుని వెనక గదిలో పడుకుంది. ఇక నాకు నిద్ర పట్టలేదు.

చెల్లెలు: ఆ తాళం వెయ్యకపోతే నాకు పట్టదన్నయ్యా. ముందు గదిలో మాస్టారిని చూశావుగా. ఆయనకి మతిమరుపు జబ్బు. అర్ధరాత్రి లేచి స్కూలుకి టైమైందంటారు. ఒకసారి గేటు తీసి ఉంటే వెళ్లిపోయారు. లారీలు తిరిగే రోడ్డు మీద చొక్కా లేకుండా నిలబడి ఉంటే టీకొట్టు కుర్రాడు గుర్తుపట్టి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆ కుర్రాడు చూడకపోయుంటే ఆయన కొడుక్కి నేనేం చెప్పాలి? నీకు మంట భయం. నాకు రోడ్డు భయం.

అన్నయ్య: నీ భయం అబద్ధమని నేనన్లేదు. ఏర్వాడి గుర్తుందా? తమిళనాడులో రామనాథపురం జిల్లా. దర్గా దగ్గర నయమవుతుందని మతి చెదిరినవాళ్లను తెచ్చి, చుట్టుపక్కల ప్రైవేటు ఆశ్రమాల్లో వదిలి వెళ్లేవారు. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున ఒక ఆశ్రమంలో పాక అంటుకుంది. 28 మంది చనిపోయారు. గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్లు లేచి పరిగెత్తలేకపోయారు. అక్కడ గొలుసు వేసింది కూడా ఎక్కడికీ పోకుండా ఉంటారనే.

చెల్లెలు: నన్ను తీసుకెళ్లి ఏర్వాడి పక్కన కూర్చోబెడతావా? నేను ఎవర్నీ గొలుసుతో కట్టలేదు. పాకలో పెట్టలేదు. ఇది స్లాబు మేడ.

అన్నయ్య: స్లాబు మేడైతే మంట ఆలస్యంగా పాకుతుంది. పొగ ఆలస్యం చెయ్యదు. 2023 జనవరి 1 తెల్లవారుజామున ఢిల్లీ గ్రేటర్ కైలాష్‌లో వృద్ధుల కేర్ హోమ్‌లో మంటలొచ్చి, 80 దాటిన ఆడవాళ్లు ఇద్దరు పోయారు. అది ఢిల్లీలో డబ్బున్నవాళ్లుండే కాలనీ. కాబట్టి పేదా గొప్పా సంగతి కాదిది. నీ ఇంట్లో ప్రతి కిటికీకీ ఇనప ఊచలున్నాయి, మన ఊళ్లలో ఏ ఇల్లు చూసినా అంతే. అంటే బయటికి రావడానికి ఆ ఒక్క గేటే దారి. చెవి ఒక్క మనిషి కొంగున ఉంది. ఆ మనిషే పొగకి స్పృహ తప్పి పడిపోతే?

చెల్లెలు: అయితే ఏం చెయ్యమంటావో అది చెప్పు. తాళం తియ్యమని మాత్రం అనకు.

అన్నయ్య: తాళం బదులు గడియ పెట్టించు. లోపలినుంచి చెయ్యెత్తితే అందాలి, మాస్టారి కళ్ల ఎదుట ఉండకూడదు. మతిమరుపు ఉన్నవాళ్లు మామూలుగా గడియ ఉండే చోటే వెతుకుతారు, తలకి పైన ఉన్నదాన్ని చాలామంది పట్టించుకోరు. గేటు కదలగానే ఆయా గదిలో గంట మోగేలా ఒక సెన్సార్ పెట్టించు. ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతుంది, పెద్ద ఖర్చు కాదు. తాళం తప్పదంటే రెండో చెవి గేటు పక్కనే గోడకి, పగలగొట్టి తీసే అద్దం పెట్టెలో ఉండాలి. ఎదురింటివాళ్ల దగ్గర మూడోది.

చెల్లెలు: ఎదురింటివాళ్లు మమ్మల్ని ఖాళీ చేయించమని ఓనరుకి రెండుసార్లు చెప్పారు. అంబులెన్స్ వచ్చినప్పుడల్లా వీధికి అరిష్టమట. వాళ్ల చేతిలో చెవి పెట్టమంటున్నావు.

అన్నయ్య: పెట్టమనే అంటున్నాను. ఫైరింజను వచ్చేలోపు అందే చెయ్యి వాళ్లదే.

చెల్లెలు: గడియా గంటా పెట్టిస్తాను. చెవి సంగతి ఆలోచిస్తాను. ఇంకా?

అన్నయ్య: మెట్ల కింద ఇన్వర్టరు. ఆ బ్యాటరీ పక్కనే డైపర్ల అట్టపెట్టెలు, చిరిగిన స్పాంజి పరుపులు పేర్చి పెట్టావు. పైకి ఉన్నది ఒక్కటే మెట్ల దారి. పైన ఆరుగురు. వాళ్లలో ఇద్దరు మంచం మీదనుంచి కదలలేనివాళ్లు. నిప్పు పుట్టడానికి ఇంతకంటే చెడ్డ చోటు ఈ ఇంట్లో ఇంకొకటి లేదు. ఆ స్పాంజి అంటుకుంటే వచ్చే పొగ నాలుగు గుక్కలు పీల్చినా మనిషి లేవడు.

చెల్లెలు: ఇన్వర్టరు అక్కడ పెట్టింది ఓనరు. మెట్ల కింద కాకపోతే ఎవరి ఇంట్లో ఎక్కడుంటుంది చెప్పు?

అన్నయ్య: అందరి ఇళ్లలోనూ ఉంటుంది. అందరి ఇళ్లలో మెట్లు దిగలేనివాళ్లు ఉండరు. స్కాట్లాండ్‌లో రోజ్‌పార్క్ అని ఒక కేర్ హోమ్. 2004 జనవరి 31 తెల్లవారుజామున అక్కడ కరెంటు బోర్డున్న అలమరలో నిప్పు పుట్టింది. మంట ఇల్లంతా పాకలేదు. పొగ నడవాలో నిండి, తలుపులు తెరిచి ఉన్న గదుల్లోకి వెళ్లింది. 14 మంది వృద్ధులు పోయారు. అలారం మోగింది, సిబ్బంది ఉన్నారు. ఎక్కడ అంటుకుందో వెతుక్కునేసరికి నిమిషాలు గడిచిపోయాయి, ఫైర్ స్టేషన్‌కి ఫోన్ ఆలస్యంగా వెళ్లింది. అన్నీ ఉన్న దేశంలో ఆ గతి పట్టింది. అందుకే చెబుతున్నాను, రాత్రి పడుకునేముందు ప్రతి గది తలుపూ దగ్గరికి వెయ్యి. మూసిన మామూలు చెక్క తలుపు కూడా పొగని కొన్ని నిమిషాలు ఆపుతుంది.

చెల్లెలు: ఇది మాత్రం నా వల్ల కాదు. తలుపు మూస్తే నాకు మూలుగు వినిపించదు. దగ్గు వినిపించదు. గుటక అడ్డంపడి గిలగిల్లాడే మనిషి కేకెయ్యలేడన్నయ్యా, వినిపించేది గురగుర మాత్రమే. బెల్లు పెట్టమంటావేమో. బెల్లు ఎందుకో మాస్టారికి గుర్తుండదు. పక్షవాతం వచ్చినావిడకి నొక్కే చెయ్యి లేదు. నీ పొగ ఏ పదేళ్లకో వస్తుందో రాదో. గురగుర ఈ రాత్రే వస్తుంది.

దీనికి అన్నయ్య దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. నా దగ్గరా లేదు. పొగ వస్తే వాటంతటవే మూసుకునే తలుపులు పెద్ద ఆసుపత్రుల్లో ఉంటాయి. అద్దె ఇంట్లో ఎవరు పెట్టిస్తారు? తలుపు తెరిచి ఉంచాలన్నా మూసి ఉంచాలన్నా మెలకువగా ఉన్న మనిషి ఒకరు కావాలి. వాళ్ల మాటలు కూడా చివరికి అక్కడికే చేరాయి.

చెల్లెలు: ఇప్పుడు నా లెక్క విను. మంటల్లో పోయినవాళ్ల తేదీలు నీకు నోటికొచ్చు. బాత్రూంలో జారి, తుంటి విరిగి, మంచం పట్టి, వీపున పుండ్లు పడి, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి పోయినవాళ్లకి తేదీలు ఉండవు. వాళ్లని పేపర్లు రాయవు. ‘పెద్దవారు కదా, కాలం చేశారు’ అని ఇంట్లోవాళ్లే అనేస్తారు. చిన్న హోమ్‌లలో మనుషులు ఎక్కువగా పోయేది అలా.

అన్నయ్య: ఒప్పుకుంటాను.

చెల్లెలు: ఊరికే ఒప్పుకోకు, విను. నేను రోజూ పొద్దున్నే మంచం పట్టిన అయిదుగురి దుప్పట్లూ తీసి ముందు మడమలు చూస్తాను. తర్వాత తుంటి, నడుం కింద ఎముక. ఎర్రబడినచోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ రంగు రావాలి. తెల్లబడలేదంటే లోపల చర్మం చావడం మొదలైందన్నమాట. నల్లటి ఒంటి మీద ఆ ఎరుపు కంటికి ఆనదు. చేత్తో తాకి వేడిగా ఉందా, గట్టిగా ఉందా చూసుకోవాలి. దిండు మడమ కింద పెట్టకూడదు, పిక్క కింద పెట్టాలి. అప్పుడు మడమ దేనికీ ఆనకుండా తేలి ఉంటుంది. ఇది నేర్పడానికి ఒక్కో ఆయాకి నెల పడుతుంది. నేర్చుకున్నాక ఇంకెక్కడో వెయ్యి ఎక్కువిస్తామంటే వెళ్లిపోతుంది.

అన్నయ్య: బాత్రూములు?

చెల్లెలు: కమోడ్ పక్కన గోడకి పైపు బిగించాను, తడిస్తే జారని చాపలు వేశాను. అయినా భయమే. మన స్నానం బకెట్టూ చెంబూ స్నానం. నేల ఎప్పుడూ తడే. ఆడవాళ్లు చీర కుచ్చిళ్లు తొక్కుకుని పడతారు. నైటీ వేసుకోమంటే కొందరు చిన్నతనంగా భావిస్తారు, బలవంతం చెయ్యను. ఇంకో సంగతి. రాత్రి లేవాల్సొస్తుందని సాయంత్రం నుంచి నీళ్లు మానేస్తారు. మే నెలలో ఈ ఊళ్లో ఉక్క నీకు తెలుసు. నీళ్లు తగ్గితే బీపీ పడుతుంది, కళ్లు తిరుగుతాయి, లేచినప్పుడు పడతారు. అందుకని ఒంటికి నీరు తీసే మాత్ర డాక్టరునడిగి పొద్దుటికి మార్పించాను. మజ్జిగ నేనే గ్లాసు పట్టుకుని కూర్చుని తాగిస్తాను. ఇవేవీ నీ తనిఖీ కాగితంలో ఉండవు.

అన్నయ్య: ఉండాలనే అంటాను. అది సరే, నేనొకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. మంచం మీదున్నవాళ్లని రెండేసి గంటలకోసారి పక్కకి తిప్పాలి కదా?

చెల్లెలు: తిప్పాలి. నోట్‌బుక్ ఉంది, టిక్కులు పెడతారు.

అన్నయ్య: చూశాను. నిన్న రాత్రి పదింటికి, పన్నెండింటికి, రెండింటికి, నాలుగింటికి అన్ని గళ్లలో టిక్కులున్నాయి. నేను మెలకువగానే ఉన్నానమ్మా. ఆ మనిషి పన్నెండింటికి ఒకసారి లేచింది. మళ్లీ లేచింది నాలుగున్నరకి.

చెల్లెలు: …

అన్నయ్య: నిన్ను తప్పుపట్టడానికి చెప్పట్లేదు.

చెల్లెలు: తప్పే. నాకు తెలియని తప్పు కూడా కాదు. ఆవిడ పగలు ఇంకో ఇంట్లో వంట చేస్తుంది. ఇద్దరు పిల్లల ఫీజులు. పొద్దున్న ఆరింటినుంచి కాళ్ల మీదే ఉన్న మనిషి రాత్రి రెండింటికి లేచి, తనకంటే బరువైన మనిషిని ఒంటిచేత్తో తిప్పాలి. అయిదుగురికి నాలుగుసార్లంటే ఇరవై సార్లు. అందులో ఇద్దర్ని తిప్పాలంటే ఇద్దరు మనుషులు కావాలి. నిజానికి ఆవిడ తిప్పలేదు, తిప్పలేదని రాస్తే నేను కోప్పడతానని టిక్కు పెట్టింది. నేను గట్టిగా అడగలేదు. అడిగితే మానేస్తుంది, మానేస్తే ఆ రాత్రికి మనిషి ఉండదు.

అన్నయ్య: ఇంకో ఆయాని పెట్టుకో.

చెల్లెలు: ఇదిగో పద్దుల పుస్తకం, నువ్వే చదువు. పదిమంది నెలకి తలా 12,000 ఇస్తారు. మిగిలిన నలుగురికీ ఎవరూ లేరు. వాళ్లలో ఇద్దరికి పింఛను 4,000 చొప్పున వస్తుంది, ఆ ఎనిమిది వేలూ ఇక్కడే ఇస్తారు. ఇంకో ఇద్దరికి ఆధార్ కూడా లేదు. మొత్తం 1,28,000. ఖర్చు చూడు. అద్దె 30,000. పగటి ఆయాలిద్దరికీ 22,000. రాత్రి ఆయాకి 12,000. వంటమనిషికి 10,000. బియ్యం, పప్పు, కూరలు, పాలు 38,000. కరెంటు, గ్యాసు, నీళ్ల ట్యాంకరు 10,000. మిగిలేది ఆరువేలు. అందులోనే డాక్టరు, ఆటోలు, బెడ్‌షీట్లు. నా జీతం ఎక్కడుందో వెతికి చెప్పు.

అన్నయ్య: ఆ నలుగురినీ…

చెల్లెలు: ఆ మాట పూర్తి చెయ్యకు. ఒకావిడ రైల్వే స్టేషన్ నుంచి వచ్చింది, కాలికి పురుగులు పట్టి. ఏ స్టేషన్‌కి తిరిగి పంపనన్నయ్యా?

అన్నయ్య: పంపమనట్లేదు. ఆ పదిమంది 12,000 దగ్గరే ఎందుకు ఆగిపోయారంటున్నాను. రెండో ఆయాకి ఇంకో 12,000 కావాలి. పదిమందికి పంచితే తలా 1,200. అడిగావా?

చెల్లెలు: ఒక్కసారి అడిగాను. ఒకాయన ఫలానా చోట తొమ్మిది వేలకే చూస్తున్నారన్నాడు. ఆ ఫలానా చోట ఎలా చూస్తారో నాకు తెలుసు. ఒక గదిలో ఎనిమిది మంచాలు, కదిలేవాళ్లకి నిద్రమాత్రలు. ఆయనకి చెప్పినా వినలేదు. తల్లిని నా దగ్గరే ఉంచాడు కానీ అప్పటినుంచి ఫోన్ చేసినప్పుడల్లా ముందు ఫీజు మాటే ఎత్తుతున్నాడు.

ఇక్కడ నా మాట ఒకటి చెప్పాలి. ఈ వాదనలో మూడో మనిషి ఉన్నాడు, అతను ఈ గదిలో లేడు. తల్లినో తండ్రినో ఇక్కడ చేర్చిన కుటుంబం అది. హోమ్ చూడటానికి వెళ్లినప్పుడు మనం నేల మీద టైల్సు చూస్తాం. భోజనంలో ఏం పెడతారని అడుగుతాం. టీవీ ఉందా, ఏసీ ఉందా, దేవుడి గది ఉందా చూస్తాం. పొద్దున్న పదకొండింటికి వెళ్లి పన్నెండింటికి తిరిగొస్తాం. ఆ వేళ ఏ హోమ్ అయినా బాగానే కనిపిస్తుంది. రాత్రి తొమ్మిది దాటాక వెళ్లాలి. రాత్రి డ్యూటీలో ఎందరున్నారు, వాళ్లు పగలు ఏం చేస్తారు, నడవలేనివాళ్ల మంచాలు కింద ఉన్నాయా పైన ఉన్నాయా, గేటు తియ్యడానికి ఎంతసేపు పట్టింది అని చూడాలి. మన మనిషి మడమలు చూపించమనాలి. చూపించడానికి సందేహించే చోట అమ్మని వదలకూడదు. అన్నీ చూసి ‘ఇంకో 1,200 ఇస్తాను, రాత్రికి ఇంకో మనిషిని పెట్టండి’ అని మనంతట మనమే అనగలగాలి. తొమ్మిది వేలకి దొరికిందని సంబరపడితే, తగ్గిన ఆ మూడు వేల ధర చెల్లించేది మంచం మీదున్న మనిషి.

అన్నయ్య: కుటుంబాల మంచితనం మీద నడిపితే ఎప్పటికీ ఇంతే. చట్టం ఉండాలి. 2020 జనవరిలో హైదరాబాద్ శివారు నాగారంలో ఏం జరిగింది? వృద్ధాశ్రమం అని బోర్డు. లోపల 70 మందికి పైగా మనుషులు. కొందరిని కట్టేశారు, కొట్టారు. పోలీసులు వెళ్లేదాకా పట్టించుకున్న ఆఫీసు లేదు. రిజిస్ట్రేషన్ లేని హోమ్ ఒక్కటి కూడా ఉండకూడదంటాను నేను. ప్రమాణాలు లేకపోతే మూసెయ్యాలి.

చెల్లెలు: ఏ ఆఫీసులో రిజిస్టర్ చేసుకోమంటావు? 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం వచ్చింది కదా. 19వ సెక్షన్ ఏమంటుంది? జిల్లాకి కనీసం ఒకటి చొప్పున, 150 మంది పేద వృద్ధులు పట్టేలా ప్రభుత్వం ఆశ్రమాలు పెట్టవచ్చంటుంది. అదీ పెట్టి తీరాలని కాదు, పెట్టవచ్చనే. కేంద్రం ఇచ్చే గ్రాంటు చూడబోతే 25 మంది ఉన్న హోమ్‌కి. నా దగ్గర 14 మంది. చట్టం పెద్దవాటి గురించి ఆలోచించింది, గ్రాంటు మధ్యరకం వాటి గురించి. అద్దె ఇంట్లో పదీ పదిహేను మంది సంగతి రెంటిలోనూ లేదు. సొసైటీగా రిజిస్టర్ అయ్యాను. ఆ కాగితం చందాలు తీసుకోవడానికి పనికొస్తుంది, మడమలు చూడటానికి ఎవరినీ పంపదు.

అన్నయ్య: ఆ లోటు తెలిసే 2019 డిసెంబరులో సవరణ బిల్లు పెట్టారు. ప్రైవేటు కేర్ హోమ్‌లన్నీ రిజిస్టర్ కావాలి, కనీస ప్రమాణాలు ఉండాలని అందులో ఉంది. స్థాయీ సంఘానికి వెళ్లింది. 2024లో లోక్‌సభ గడువుతోపాటు బిల్లూ పోయింది. ఇక భవనాల సంగతి. జాతీయ భవన నియమావళిలో వృద్ధాశ్రమాన్ని ఇల్లు అనరు, సంస్థల కోవలో, అనాథాశ్రమాల పక్కన పెడతారు. ఎందుకంటే లోపలున్నవాళ్లు తమంతట తాము బయటికి రాలేరు. అది న్యాయమైన మాట. మరి నువ్వు కరెంటు బిల్లు కూడా ఇంటి కనెక్షన్ మీదే కడుతున్నావు. కాగితం మీద ఇది ఇప్పటికీ ఎవరో కాపురమున్న ఇల్లు.

చెల్లెలు: ఆ కోవలోకి నన్ను తోసి ఆసుపత్రికి అడిగినన్ని అడిగితే ఈ ఇల్లు ఆ నెలే మూతపడుతుంది. యాభై వేలు తీసుకునే పెద్ద హోమ్‌లు మిగులుతాయి. నా దగ్గరున్నవాళ్లలో అక్కడికి వెళ్లగలిగినవాళ్లు ఒక్కరు లేరు. ఇంకోటి చెబుతాను. వీళ్లు ఇక్కడ బాగున్నారంటే ఇది ఇల్లు కాబట్టే. సాయంత్రం అయిదింటికి గేటు దగ్గర కుర్చీ కోసం పోట్లాడుకుంటారు, అక్కడినుంచి వీధి కనిపిస్తుందని. కూరలమ్మే ఆవిడతో బేరాలాడతారు. ఒకావిడ తన ట్రంకుపెట్టె మంచం కింద పెట్టుకుని రోజూ తీసి సర్దుకుంటుంది. నీ కొలతల ప్రకారం ఆ పెట్టె దారికి అడ్డమంటావు.

అన్నయ్య: పెట్టె ఉండనీ. గోడ వైపుకి జరుపు. నేను ఆసుపత్రి కొలతలు అడగట్లేదు. చిన్నదానికి చిన్న కొలత ఉండాలి, కానీ ఉండాలి. మనవాళ్ల పిల్లలు బోలెడుమంది ఉన్న కాలిఫోర్నియాలో ఆరుగురు వృద్ధులుండే హోమ్‌లు మామూలు వీధుల్లో, మామూలు ఇళ్లలోనే ఉంటాయి. ఆరుగురు దాటకపోతే వీధిలో దాన్ని ఒక కుటుంబం ఉండే ఇల్లుగానే చూడాలని అక్కడి చట్టం. నీ ఎదురింటివాళ్లలాంటివాళ్లు ఖాళీ చేయించలేరు. అయినా లైసెన్సు తప్పదు, తనిఖీ తప్పదు. తనిఖీలో ఏం దొరికిందో ఎవరైనా చదువుకోవచ్చు. చిన్నవాటిని వీధిలో ఉండనిస్తూనే వదిలెయ్యకుండా చూడొచ్చని అక్కడ తేలింది.

చెల్లెలు: అలాంటిది పెడితే మొదటి దరఖాస్తు నాదే. తనిఖీకి వచ్చేవాళ్లలో ఒక నర్సు ఉండాలి, గోడలు ఒక్కటే చూసి పోకూడదు. తప్పు దొరికితే మూసేసే ముందు ఆ రాత్రి వీళ్లు ఎక్కడ పడుకుంటారో రాసివ్వాలి. నిరుపేదల్ని ఉంచుకుంటే తలకింత అని ప్రభుత్వం రాత్రి ఆయా జీతానికి సాయం చెయ్యాలి. ఈ మూడూ లేకుండా తాళం వేసి పోయే తనిఖీకి నేను ఒప్పుకోను.

అన్నయ్య: నాగారంలాంటి చోట మాత్రం ఆ రాత్రికే తాళం పడాలి.

చెల్లెలు: అక్కడ పడాలి. అందులో వాదన లేదు.

అన్నయ్య: అయితే ఇంకోటి. మేడ మీద ఆయనకి ముక్కులో పైపు ఉంది. కుడి చెయ్యి మంచానికి గుడ్డతో కట్టి ఉంది. నువ్వు ఎవర్నీ కట్టలేదన్నావు.

చెల్లెలు: గొలుసుతో కట్టలేదన్నాను. పైపు లాగేసుకుంటారు. మళ్లీ వెయ్యాలంటే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ముక్కులోంచి రక్తం వస్తుంది, ఆయన పడే బాధ నేను చూశాను. మెత్తటి గుడ్డే.

అన్నయ్య: మంట వస్తే ఆ ముడి విప్పేదెవరు? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసుని పూర్తిగా నిషేధించింది. కట్టి ఉంచడమన్నా, అప్పటికప్పుడు జరగబోయే హాని తప్పించడానికి వేరే దారి లేనప్పుడు, చూస్తున్న మానసిక వైద్యుడి అనుమతితో, ఆ కాసేపు మాత్రమే. మానసిక ఆసుపత్రిలోనే అంత జాగ్రత్త అడిగినప్పుడు మన ఇంట్లో రాత్రంతా కడతామా?

చెల్లెలు: చేతికి మందపాటి తొడుగు వేస్తే వేళ్లతో పట్టుకుని లాగలేరు, కట్టక్కర్లేదు. ఆసుపత్రిలో వాడేవాళ్లం. తొడుగు వేసినప్పుడు గంట గంటకీ తీసి వేళ్లు చూడాలి, చెమటకి పాసిపోతాయి. మళ్లీ అదే, చూడటానికి మనిషి కావాలి. మనిషి లేకనే గుడ్డ కట్టాను. ఇది నాకు సిగ్గుగానే ఉందన్నయ్యా.

అన్నయ్య: పైనున్న ఆ ఇద్దరూ కిందికి రావాలి. మిగతావన్నీ వాయిదా వేసినా ఇది వెయ్యకు. నీ గది ఖాళీ చేసి ఇచ్చెయ్యి, నువ్వు పైకి వెళ్లు.

చెల్లెలు: నా గదిలో ఒక్క మంచమే పడుతుంది. పైపు ఉన్నాయన వస్తారు. పక్షవాతం ఆవిడ?

అన్నయ్య: కింద నడవగలిగినవాళ్లలో ఒకర్ని పైకి మార్చు.

చెల్లెలు: మాస్టారినా, మెట్ల మీద పడతారు. మిగతా నడిచేవాళ్లు వాకర్ మీద నడిచేవాళ్లు. నీకు లెక్క తేలికగా కనిపిస్తోంది.

అన్నయ్య: లేదు. తేలికని నేననను. దేవుడి గదిలో మంచం పడుతుందా?

చెల్లెలు: పడుతుంది. దేవుడి పటాలు వరండాలోకి మారిస్తే అలిగేవాళ్లు ముగ్గురున్నారు. నచ్చజెబుతాను. దీపం కూడా అక్కడ కర్టెను పక్కన పెడుతున్నారు, ఎలాగూ మార్చాల్సిందే. ఇన్వర్టరు బయటి వరండాలోకి మార్చమని ఓనరుకి ఇవాళే చెబుతాను. ఒప్పుకోకపోతే కనీసం పరుపులూ పెట్టెలూ అక్కడినుంచి తీసేస్తాను.

అన్నయ్య: ఇవాళ సాయంత్రం ఆయాలందర్నీ పిలువు. మంచం మీది మనిషిని ఎత్తకుండా, కింది దుప్పటి అంచులు మెలిపెట్టి పట్టుకుని, తల వైపునుంచి నేల మీద ఎలా లాగాలో చూపిస్తాను. బరువైన మనిషినైనా ఒక్కరే లాగొచ్చు. రాత్రి ఆయా కూడా ఉండాలి, ముఖ్యంగా ఆవిడే. తర్వాత ఒక రాత్రి రెండింటికి గంట కొట్టి చూస్తాను.

చెల్లెలు: రాత్రి కుదరదు, ముసలాళ్ల గుండెలు జారిపోతాయి. పగలు చెయ్యి.

అన్నయ్య: పగలు నీతో కలిపి నలుగురు మనుషులుంటారు. అప్పుడు బాగానే జరుగుతుంది, దాంతో నీకూ నాకూ తెలిసేదేమీ లేదు.

చెల్లెలు: అయితే పగలే, కానీ రాత్రి ఆయా ఒక్కతే చెయ్యాలి. మిగతావాళ్లు పక్కన నిలబడి చూడాలి. ఎంతసేపు పట్టిందో నువ్వు గడియారం చూసి రాయి. ఆ కాగితం నాకు కావాలి.

అన్నయ్య: దేనికి?

చెల్లెలు: పదిమందికీ పంపడానికి. నిన్న రాత్రి పేజీ కూడా ఫొటో తీసి పంపుతాను. తప్పుడు టిక్కులు కొట్టేసి, తిప్పని వేళల్లో తిప్పలేదని నా చేత్తో రాసి. కింద 1,200 సంగతి రాస్తాను. రెండో ఆయా ఎందుకో వాళ్లకి అప్పుడు తెలుస్తుంది.

అన్నయ్య: అది చూసి మనిషిని తీసుకెళ్లిపోతారేమో. తొమ్మిది వేల చోటుకి.

చెల్లెలు: ఒకరిద్దరు తీసుకెళ్తారు. ఆ భయంతోనే ఇన్నాళ్లూ చెప్పలేదు. చెప్పకుండా ఆవిడచేత టిక్కులు పెట్టించడం ఇక నా వల్ల కాదు. నువ్వు ముందు ఆ మెట్ల కింద పరుపులు తియ్యడానికి చెయ్యి సాయం పట్టు, తర్వాత ఫోన్లు మొదలుపెడతాను. పైనున్న ఇద్దరి పిల్లలకే ముందు.